పేర్లకు తాళం

"ముందు చేతులు తుడుచుకోండ్రి," అంది యాదలక్ష్మి.

గుమ్మంలో నిలబడ్డ మనిషి తల నుంచి కాలిదాకా తడిసి ఉన్నాడు. చొక్కా లోపల, కడుపు మీద, ఏదో పెట్టెలాంటిది ఉబ్బెత్తుగా కనిపిస్తోంది. దాన్ని రెండు చేతులతో పొదివి పట్టుకున్నాడు.

"చేతులు తుడుచుకుంటే గిది కింద పడ్తది మేడం. జర పట్టుకుంటరా?"

"ఏంది గది?"

"హార్డ్ డిస్క్."

మూడు ప్లాస్టిక్ కవర్లు, వాటి మీద తువ్వాలు. విప్పి చూస్తే లోపల ఒక్క చుక్క తడి లేదు.

"మీరు గింత నానిండ్రు, గిదేమో పొడిగనే ఉన్నది," అంది ఆమె నవ్వు ఆపుకుంటూ.

"నేను ఆరుత మేడం. గది తడిస్తే ఆరదు."

అతని పేరు ఐలేశం. నల్లగొండలో కంప్యూటర్ క్లాసులు చెబుతాడు. రామన్నపేట దగ్గర పల్లె నుంచి వచ్చి, పాలిటెక్నిక్ చదివి, జిల్లాలో లినక్స్ తెలిసిన ఒకరిద్దరిలో ఒకడని పేరు తెచ్చుకున్నాడు. ఆ పేరు విని డాక్టర్ లాడ్లీ బేగం ఉత్తరం రాసింది. అందుకే ఆ ఆషాఢపు వానలో, 1999లో, అతను దేవరకొండ బస్సెక్కాడు.

లాడ్లీ బేగం సర్కారు దవాఖానలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైంది. ఖిల్లా కింది గల్లీలో ఒక ఇల్లు కిరాయికి తీసుకుని, కుష్ఠు రోగానికి మందులిచ్చే చిన్న దవాఖాన నడుపుతోంది. ఊళ్లో దాన్ని మచ్చల దవాఖాన అంటారు. వచ్చేవాళ్లు ముఖం మీదికి కొంగు లాక్కుని వస్తారు, వెనక దారిలో వెళ్తారు. నెలనెలా మాత్రలు తీసుకెళ్లి, మానకుండా రోజూ మింగితే పూర్తిగా తగ్గిపోయే జబ్బు అది. కానీ జబ్బు పోయినా దాని పేరు మనిషిని వదలదు.

యాదలక్ష్మికి ఇరవై నాలుగేళ్లు. ఆ పేర్లన్నీ ఆమె చేతిలోనే ఉన్నాయి. హైదరాబాదులో ఏదో ఆఫీసువాళ్లు దానంగా ఇచ్చిన పాత కంప్యూటర్‌లో రెండేళ్లపాటు పదకొండు వందల మంది రోగుల కార్డులు ఒక్కొక్కటిగా ఎక్కించింది. పోయిన వానల్లో కప్పు కారి కాగితం కార్డులు ముద్దయిపోయాయి. ఎవరు ఎన్ని నెలలు మందు తిన్నారు, ఇంకా ఎన్ని నెలలు తినాలి అన్నది ఇప్పుడు ఆ డబ్బాలో తప్ప ఎక్కడా లేదు.

రెండు నెలల కింద ఆ డబ్బాను రిపేరుకు పంపారు. నాలుగు రోజులకు తిరిగొచ్చింది. డబ్బాతోపాటు కొన్ని పేర్లు కూడా బయటికి వచ్చాయని తర్వాత తెలిసింది. తండాల దారిలో ఉండే సైదమ్మకు వరపూజ అయిన సంబంధం తిరిగిపోయింది. ఆ పిల్లకు జబ్బు తగ్గి మూడేళ్లయింది. "కంప్యూటర్ల నీ పేరున్నదట" అని పిల్లగాడి మేనత్త మొహం మీదే అందట. సైదమ్మ దవాఖానకు వచ్చి, "ఎవరికి చెప్పినవ్ డాక్టరమ్మా?" అని ఒక్క మాట అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది.

ఆ రోజు లాడ్లీ బేగం అన్నం తినలేదు. యాదలక్ష్మి కూడా తినలేదు. ఆమెకు ఇంకో కారణం ఉంది. ఆ పదకొండు వందల్లో నాలుగు వందల పన్నెండో కార్డు ఆమెదే.

పన్నెండేళ్ల వయసులో ఎడమ మోచేతి మీద పాలిపోయిన మచ్చ, గిచ్చినా తెలియని చర్మం. ఏడాదిన్నర మాత్రలు. నెలకోసారి మందుకు వెళ్లేటప్పుడు తల్లి గుర్వమ్మ ఇరుగుపొరుగుకు "మా చెల్లె ఇంటికి పోతున్నం" అని చెప్పేది. ఆ కార్డు ఎక్కించాల్సిన రోజున యాదలక్ష్మి కాసేపు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఒక్కటి వదిలేస్తే ఎవరికీ తెలియదు. అయినా ఎక్కించింది. మిగిలిన వాళ్లవి ఎక్కించి తనది వదిలేయడానికి మనసొప్పలేదు.

ఇప్పుడు, పాస్‌వర్డ్ తెలిస్తే తప్ప ఎవరూ చదవలేనట్టు ఆ పేర్లకు తాళం వేయడానికి, ఆ డబ్బా ముందు ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి కూర్చున్నాడు.

యాదలక్ష్మి స్టూలు లాక్కుని పక్కనే కూర్చుంది.

"మీకు పనేం లేదా మేడం?"

"గిదే నా పని. మీ కండ్లకు కాపలా."

"నా కండ్లకా?"

"ఫైళ్ల పేర్లు నంబర్లే. నంబర్లు చూడుండ్రి. లోపలికి పోవద్దు."

ఐలేశం నవ్వలేదు. తల ఊపాడు. "పోను. తాళం వేసేటోనికి పెట్టెల ఏమున్నదో ఎందుకు?"

ఆ జవాబు ఆమెకు నచ్చింది. నచ్చినట్టు కనపడకుండా కిటికీ వైపు చూసింది.

"ఎంత సేపు పడ్తది?"

"రెండు తొవ్వలున్నయ్," అన్నాడు అతను. "ఉన్న జాగలనే, ఉన్నది ఉన్నట్టే తాళం భాషలకు మార్చుకుంట పోవచ్చు. గంటన్నరల అయిపోతది. కానీ నడుమల కరెంటు పోయిందనుకో, సగం తాళంల, సగం బయట. ఏది ఎక్కడ ఆగిందో దేవునికే ఎరుక."

"దేవరకొండల కరెంటు పోకుంట ఉంటదా?"

"అందుకే రెండో తొవ్వ. ముందు అంత గీ నా డిస్కుల నకలు తీస్త. నకలు సరిగ్గ ఉన్నదా చూస్త. అప్పుడు మీ డిస్కుల ఆ జాగ ఖాళీ చేసి, తాళం పెట్టి, మళ్ల అంత లోపలికి సర్దుత. సర్దినంక ఇంకోసారి చూస్త. పొద్దు గూకుతది. గానీ ఒక్క ఫైలు పోదు."

"మీరు నల్లగొండ బస్సు దొరకక తిప్పలు పడ్తరు."

"నాకు బస్సు పోతే ఇంకో బస్సు వస్తది మేడం. మీ పేర్లు పోతే రావు గదా."

దవాఖాన లోపలి గది నుంచి లాడ్లీ బేగం గొంతు వినిపించింది. "గీ పిల్లగాడు మంచిగ మాట్లాడ్తున్నడు యాదమ్మా! చాయ్ పొయ్యి!"

నకలు తీయడం ఒంటిగంటకు ముగిసింది. ఐలేశం లేచి ఒళ్లు విరుచుకున్నాడు. "తిని వస్త. అప్పటిదాంక దీన్ని ముట్టకుండ్రి."

అతను వెళ్లాక గదిలో డబ్బా హోరు, బయట వాన చప్పుడు మిగిలాయి. డాక్టరమ్మ నమాజుకు లోపలికి వెళ్లింది. యాదలక్ష్మి ఆ కుర్చీలో కూర్చుంది. సైదమ్మ అడిగిన మాట గుర్తొచ్చింది. తాళం పడ్డాక ఎవరూ చూడలేరని తెలుసు. కానీ పడేలోపు? పడ్డాక ఇతను మళ్లీ తెరవలేడని నమ్మకమేమిటి?

412 తెరిచింది. తన పేరు, తండ్రి పేరు, ఊరు తుడిచేసింది. సేవ్ చేసింది. మూసింది. అంతా కలిపి ఒక్క నిమిషం పట్టలేదు.

ఐలేశం తిరిగొచ్చేసరికి చేతిలో కాల్చిన మక్కకంకులు రెండున్నాయి. ఒకటి ఆమెకిచ్చాడు. "ఉప్పు కారం బాగ దట్టించమన్న. కాపలా కాసేటోళ్లకు నిద్ర రావద్దని."

"నేనెప్పుడు నిద్రపోయిన?"

"నిద్రపోలే. జర కండ్లు ఎర్రగున్నయ్, గంతే."

ఆమె కంకి కొరికింది.

అతను ఏదో టైపు చేశాడు. "ఇప్పుడు ప్రతి ఫైలుకు వేలిముద్ర తీస్తది. మీ డిస్కుల ఒకటి, నా డిస్కుల ఒకటి. లోపల ఏం రాసున్నదో మనకు చెప్పదు. రెండు ముద్రలు ఒకటేనా కాదా, గంతే చెప్తది."

తెర మీద నంబర్లు వరుసగా పైకి పోయాయి. యాదలక్ష్మి కంకి చేతిలోనే చల్లారిపోయింది. ముద్రల సంగతి ఆమెకు తెలియదు. ఇలా పట్టుబడతానని ఊహించలేదు.

"అన్నీ కలిసినయ్," అన్నాడు ఐలేశం. కాస్త ముందుకు వంగాడు. "ఒక్కటి కలుస్తలేదు. నాలుగు వందల పన్నెండు."

యాదలక్ష్మి కంకిని బల్ల మీద పెట్టేసింది.

"ఒకటీ యాభైకి ఎవరో మార్చిండ్రు," అన్నాడు. గోడ గడియారం వైపు చూశాడు, ఆమె వైపు చూడలేదు. "పోనీ, తేడా ఏందో చూస్తే..." అతని వేళ్లు అలవాటుగా కీబోర్డు మీదికి వెళ్లాయి.

ఆమె అరచేయి అతని వేళ్ల మీద పడింది.

"వద్దు!"

అతని చేయి వెచ్చగా ఉంది, ఆమెది చల్లగా వణుకుతోంది. అతను తన చేతిని మెల్లగా, ఆమెకు తగలకుండా, కిందినుంచి తీసుకున్నాడు.

"చూడను," అన్నాడు. ఒక కాగితం ముక్క మీద రెండు వరుసలు రాశాడు. "గిది కొడితే పాతది ఉంటది. గిది కొడితే కొత్తది ఉంటది. ఏది నిజమో నాకు తెల్వదు, మీకు తెలుసు. నేను బయట నిలబడ్త. అయినంక పిలువుండ్రి."

"ఎందుకని అడగరా?"

"అడిగితే చెప్పాలె గదా మీరు. చెప్పాలనిపిస్తే అడగకున్నా చెప్తరు."

వసారాలోకి వెళ్లి, తలుపు కూడా దగ్గరికి వేసి, వాన వైపు తిరిగి నిలబడ్డాడు.

యాదలక్ష్మి ఆ కాగితం వైపు చాలాసేపు చూసింది. ప్రతి మంగళవారం ఇదే గదిలో బెంచీ మీద ఆడవాళ్లను కూర్చోబెట్టి, "మనమేం తప్పు చెయ్యలే అక్కా, దోమ కుడితే జ్వరం రాదా, గట్లనే గిది" అని చెప్పేది తనే. ఆ మాట నిజమైతే కార్డులో తన పేరు ఎందుకుండకూడదు?

మొదటి వరుస కొట్టింది. పేరు తిరిగి వచ్చింది.

"రాండ్రి," అని పిలిచింది.

వేలిముద్రలు మళ్లీ తీశాడు. అన్నీ కలిశాయి. తాళం మాట పెట్టే వేళకు అతను మళ్లీ లేచాడు.

"ఇప్పుడెక్కడికి?"

"బయటికే. పాస్‌వర్డ్ నాకు తెల్వద్దు. చిన్న మాట పెట్టకుండ్రి, నిడువు వాక్యం పెట్టుండ్రి. మీరు, డాక్టరమ్మ, ఇద్దరే యాదుంచుకోవాలె. మరిచిపోతే నేను కాదు గదా, తాళం చేసినోడు గూడ తియ్యలేడు." గుమ్మం దగ్గర ఆగాడు. "ఇయ్యాల మీ దవాఖాన కంటె మీ వసారానే నాకు బాగ ఎరుకైంది."

ఈసారి ఆమె పైకే నవ్వింది.

సర్దడం సగంలో ఉండగా కరెంటు పోయింది. యూపీఎస్ కాసేపు కీచుకీచుమని ఊరుకుంది. తెర నల్లబడింది.

"పోయినయా? అన్నీ పోయినయా?" యాదలక్ష్మి లేచి నిలబడింది.

"కూసోండ్రి. నా డిస్కుల అన్నీ ఉన్నయ్. కరెంటు రాంగనే మళ్ల మొదటినుంచి సర్దుకుందం." అతను గోడకు ఆనుకుని తన కంకిలో మిగిలిన గింజలు ఒలుచుకున్నాడు. "మా అమ్మ బక్కమ్మ గొర్లు మేపుతది. దొడ్డి కొత్త జాగకు మార్చాలంటే, కొత్త దొడ్డికి కంప గట్టి, తడిక పెట్టి, అన్నీ చూసుకున్నంకనే పాత తడిక తీస్తది. చిన్నప్పుడు నాకు ఓపిక లేకుంటుండె. గిప్పుడు నా పని గూడ గదే."

"మీ అమ్మ ఒక్కతేనా?"

"నాయిన పోయి ఎనిమిదేండ్లాయె. నల్లగొండకు రమ్మంటే, గొర్లు ఏడ పండాలె అంటది."

వాన సన్నబడింది. ఖిల్లా మీది నుంచి దిగిన మబ్బు గల్లీ చివరదాకా వచ్చింది. కరెంటు గంటకు వచ్చింది. అప్పటికి వాళ్లిద్దరూ ఒకరి ఊరు గురించి ఒకరు, ఒకరి చిన్నతనం గురించి ఒకరు చాలా మాట్లాడుకున్నారు. ఏడాదిన్నర మాత్రల సంగతి తప్ప.

అంతా సర్దాక మళ్లీ ముద్రలు చూశాడు. పదకొండు వందలూ కలిశాయి. తర్వాత, పేర్ల జాడ మిగలకుండా తన డిస్కును అక్కడే మొదటినుంచి చివరిదాకా సున్నాలతో నింపాడు. అది పూర్తయ్యేదాకా కదలలేదు. అయిదు గంటల బస్సు వెళ్లిపోయింది. ఏడింటి బస్సుకు వెళ్లాడు.

తర్వాతి శుక్రవారం "తాళం మంచిగ పడుతున్నదా చూద్దామని" వచ్చాడు. ఆ పై శుక్రవారం "యూపీఎస్‌కు కొత్త బ్యాటరీ" తెచ్చాడు. మూడో శుక్రవారం ఏ సాకూ దొరకలేదో ఏమో, వేడి మిర్చి బజ్జీల పొట్లంతో వచ్చాడు.

"కంప్యూటర్ బజ్జీలు తింటదా బేటా?" అంది లాడ్లీ బేగం.

అతని చెవులు ఎర్రబడ్డాయి. మేడం పోయి యాదలక్ష్మి అయింది, మీరు పోయి నువ్వు అయింది. గుర్వమ్మ ఒకరోజు కూతురికి సద్ది తెచ్చి, అతన్ని చూసి, తిన్నవా బిడ్డా అని అడిగి, సగం గిన్నె అతని ముందు పెట్టి వెళ్లింది.

అయిదో శుక్రవారం యాదలక్ష్మికి జలుబు చేసి ఉంది. పైట భుజం నిండా కప్పుకుని కూర్చుంది. ఐలేశం లోపలికి వస్తూనే, "ఒంట్లె ఎట్లున్నది? మాత్రలు ఏసుకుంటున్నవా?" అన్నాడు.

ఆమె ముఖం మారిపోయింది.

"ఏం మాత్రలు?"

"ఏం మాత్రలంటే..."

"చూసినవ్! ఆ దినమే చూసినవ్. బయట నిలబడ్డ అని నన్ను నమ్మిచ్చినవ్. గిప్పుడు పాపం అని బజ్జీలు తెస్తున్నవ్!"

"జలుబు మాత్రలు యాదీ," అన్నాడు అతను తెల్లబోయి. "ముక్కు ఎర్రగున్నదని అడిగిన."

ఆమె కోపం ఎంత వేగంగా వచ్చిందో అంత వేగంగా దిగిపోయింది. దాని కింద ఉన్న భయం మాత్రం అలాగే ఉంది.

"412ల ఏమున్నదో నాకు తెల్వదు," అన్నాడు ఐలేశం. "నీ చెయ్యి వణికింది. అది తెలుసు. దాన్ని మరువలేకనే వస్తున్న."

యాదలక్ష్మి పైట తీసి, ఎడమ చెయ్యి బల్ల మీద చాపింది. మోచేతి మీద ఏ గుర్తూ లేదు.

"ఈడ మచ్చ ఉండె," అంది. "నాకు పన్నెండేండ్లప్పుడు. గీ దవాఖాన జబ్బే. ఏడాదిన్నర మాత్రలు మింగిన, పోయింది. గా కార్డు నాది. ఆ దినం పేరు తుడిచి, మళ్ల పెట్టిన."

అతని చూపు ఆ మోచేతి మీదే ఆగింది. ఆమె లెక్కపెట్టకుండానే ఆ క్షణాలన్నీ లెక్కపెట్టింది.

"అబద్ధం చెప్పను," అన్నాడు చివరికి. "జర సేపు భయమైంది. నాకు దీని గురించి ఏం తెల్వదు. చిన్నప్పటి సంది విన్నయన్నీ పిచ్చి మాటలే. నువ్వు మంగళవారం అందరికి చెప్తవు గదా, నాకు గూడ చెప్పు. మొదటినుంచి చెప్పు."

ఆమె చెప్పింది. అది ఎలా వస్తుంది, ఎలా రాదు, మందు మొదలుపెట్టాక ఎవరికీ ఎందుకు అంటదు, పెళ్లికీ పిల్లలకూ ఎందుకు అడ్డం కాదు. అతను క్లాసులో కుర్రాడిలా మధ్యలో ప్రశ్నలడిగాడు. చివరికి, "అయితే ఇంకో సందేహం," అన్నాడు.

"ఏంది?"

"నన్ను చేసుకుంటవా?"

ఆమె తుమ్మింది. తుమ్మి, నవ్వి, కళ్లు తుడుచుకుంది. "జలుబు తగ్గనీయి."

"తగ్గినంక?"

"తగ్గినంక ముందు మీ అమ్మకు చెప్త. నేనే చెప్త, నువ్వు కాదు. దాచి నీ ఇంట్ల అడుగు పెట్టను."

ఆదివారం గుర్వమ్మను వెంటబెట్టుకుని వెళ్లి చెప్పింది. బక్కమ్మ సన్నగా, ఎండకు కమిలిన మనిషి. గొర్ల దొడ్డి ముందు మంచమేసి కూర్చోబెట్టి అంతా విన్నది. ఒక్క ప్రశ్న వేయలేదు. చాయ్ ఇచ్చింది, బస్టాండు దాకా తోడు వచ్చింది, "మంచిది బిడ్డా" అని మాత్రం అని వెనక్కి తిరిగింది.

పది రోజులు కబురు లేదు. ఐలేశం ఫోన్ చేసి, "అమ్మ ఏం మాట్లాడ్తలేదు" అన్నాడు. గుర్వమ్మ రాత్రిళ్లు ముక్కు చీదడం యాదలక్ష్మికి గోడ అవతల నుంచి వినిపించేది. ఆమె మాత్రం ఏడవలేదు. రోజూ పొద్దున తాళం తీసి, సాయంత్రం తాళం వేసింది.

పదకొండో రోజు పొద్దున గల్లీలోకి ఒక నల్ల గొంగడి వచ్చింది. దాని వెనక, చిన్నబోయిన ముఖంతో ఐలేశం. బక్కమ్మ యాదలక్ష్మిని దాటుకుని నేరుగా డాక్టరమ్మ ముందు నిలబడింది.

"డాక్టరమ్మా, గీ పిల్లకు గీ జబ్బు ఉండెనా?"

లాడ్లీ బేగం కళ్లద్దాలు సర్దుకుంది. "ఈడ ఎవ్వరి పేరు ఎవ్వరికి చెప్పము అమ్మా."

"నేను రేపు గీ పిల్ల అత్తనైతే గూడ చెప్పవా?"

"నువ్వు వాళ్ల అమ్మవైనా చెప్ప. ఆ పిల్లనే అడుగు."

"పిల్ల చెప్పనే చెప్పింది," అంది బక్కమ్మ. కుర్చీలో కూలబడి, గొంగడి తీసి ఒళ్లో పెట్టుకుంది. "నువ్వు చెప్తవా చెప్పవా చూద్దామనే అడిగిన."

బక్కమ్మ కుడి చేతి గాజులు మీదికి తోసింది. మణికట్టు పైన అరచేయంత మేర చర్మం పాలిపోయి ఉంది. దాని మధ్యలో మానుతున్న కాలిన గాయం.

"రెండేండ్లాయె. పాలగిన్నె అంటుకొని కాలినా తెలుస్తలేదు. ఎవరికన్న చెప్తే ఊరంత అయితదని, కొడుక్కు పిల్లనియ్యరని, గాజుల కింద దాసుకున్న." ఆమె యాదలక్ష్మి వైపు తిరిగింది. "నువ్వు చిన్నపిల్లవు. నా ఇంటికొచ్చి, నా ముందర కూసోని, ఉన్నదున్నట్టు చెప్పినవ్. పది దినాలు నాకు నిద్ర పట్టలే. నాకంటే నీకు ధైర్యం ఎక్కువ ఉన్నదని."

"అమ్మా," అన్నాడు ఐలేశం. వంగి ఆ గాయం చూశాడు.

లాడ్లీ బేగం లేచి వచ్చి దూది పింజతో ఆ మచ్చను తాకి చూసింది. ఇంకా ఎక్కడెక్కడ ఉన్నాయో, వేళ్లలో బలం ఎంతుందో చూసింది. ఆమె ముఖం తేలికపడింది.

"ఫికర్ చెయ్యకు అమ్మా. నరాలు మంచిగున్నయ్. ఆరు నెలలు మాత్రలు, ఒక్క దినం గూడ మానకుండ మింగాలె. పూర్తిగ పోతది."

"ఆరు నెలలా?" బక్కమ్మ వేళ్ల మీద ఏదో చూసుకుంది. "గొర్లెంట పోతే నాకు మందు సంగతి యాదుండదు. ఇంట్ల యాది చేసే మనిషి ఉండాలె." కొడుకును పక్కకు జరిపి, యాదలక్ష్మి చెయ్యి పట్టుకుంది. "వచ్చే నెలల లగ్గం పెట్టుకుందామని మీ అమ్మకు చెప్పు బిడ్డా. అంతదాంక మాత్ర సంగతి యాది చేయ రోజు పొద్దుగాల గీ పిల్లగానితోని నాకు ఫోన్ చేయించు."

లాడ్లీ బేగం మాత్రల అట్ట తెరిచి, మొదటి మాత్ర యాదలక్ష్మి అరచేతిలో పెట్టింది. ఐలేశం అప్పటికే కుండలో గ్లాసు ముంచుతున్నాడు.